ఉసిరి చెట్టు కింద

డిసెంబరు తెల్లవారుజాము. అనంతగిరి దగ్గర కాఫీ తోట దాటి, పై అడవిలోకి పోయే కాలిబాట మీద ఉన్నారు మీరు. మంచు బాగా దిగింది. సిల్వర్ ఓక్ ఆకుల మీంచి నీటిబొట్లు మెడ మీద పడుతున్నాయి. బుట్ట పట్టుకుని ముందు నడుస్తున్న కొండదొర తెగ రైతు ఉన్నట్టుండి చెయ్యెత్తాడు.

"ఆగండి బాబూ."

కింద గెడ్డ వైపు కుక్క మొరిగింది. ఊరు చాలా దూరం కదా, ఇక్కడ కుక్కేమిటి అనుకుంటారు. మళ్లీ మొరిగింది. ఒక్క అరుపు, కాస్త ఆగి అదే అరుపు, అదే గొంతు. అది మొరిగే జింక. చిరుతను పసిగట్టిందో, మిమ్మల్నే పసిగట్టిందో.

చుక్కల దుప్పి కోసమైతే ఇంత ఎత్తులో వెతక్కండి. దానికి గడ్డి నేల, నీరు, మందగా మేసే జాగా కావాలి. విశాఖను ఆనుకున్న కంబాలకొండలో చూడొచ్చు. ఈ నిటారు వాలులు, చిక్కటి పొదలు ఒంటరిగా తిరిగే ఈ చిన్న చుట్టానివి. ఇది మన నడుము ఎత్తు కూడా ఉండదు. మగదానికి పొట్టి కొమ్ములతో పాటు పైపెదవి కిందికి దిగిన కోరలుంటాయి.

అరుపు ఆగాక నాలుగడుగులు దిగితే ఉసిరి చెట్టు. పక్కన లేత కొమ్మనేదో కొరికింది. వంగి అంచు చూడండి. కోసినట్టు లేదు, పీచులు తేలేలా పీకినట్టుంది. జింకకు పైదవడ ముందుభాగంలో కొరికే పళ్లుండవు. కుందేలైతే కత్తి పెట్టినట్టు ఏటవాలుగా కోసేది.

పొద కింద ఆకులు అణిగి ఉన్నాయి, రాత్రి అది పడుకున్న చోటు. ఆ ఆకుల్లో గుజ్జంతా పోయిన ఉసిరి గింజలు. పెంటికల్లోంచి వచ్చినవి కావు. కాయను అలాగే మింగి, తర్వాత తీరిగ్గా నెమరేస్తూ గట్టి గింజను నోట్లోంచి ఉమ్మేస్తుంది. తమిళనాడులోని ముదుమలై అడవిలో పరిశోధకులు ఈ సంగతి నమోదు చేశారు. అక్కడ దుప్పి, మొరిగే జింక, మూషిక జింక మూడూ ఇలాగే ఉసిరి విత్తనాన్ని తల్లిచెట్టుకు దూరంగా చేరుస్తున్నాయి.

ఈ రైతు వచ్చిందీ ఆ కాయల కోసమే. గిరిజనుల దగ్గర అటవీ ఫలసాయం కొనడానికి 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. ఆ ఫలసాయంలో ఉసిరి ఒకటి. అడవిలో దాన్ని నాటేవాళ్లలో జింక ముఖ్యమైనది.

ఆ జింకకే చైత్రంలో గండం. అప్పుడు ఈ కొండల్లో వేట పండగ, ఇటుకల పండగ. మగవాళ్లు విల్లంబులతో అడవెక్కుతారు, ఖాళీ చేతులతో దిగితే ఆడవాళ్ల ఎగతాళి తప్పదు. 1972 నాటి వన్యప్రాణుల చట్టం వేట వద్దంటోంది. పండగ నిలవాలి, పాటలూ థింసా ఆటా అన్నీ నిలవాలి. ఆ బాణానికి జింక పడటం మాత్రం నాకు సమ్మతం కాదు. ఏడాది పొడవునా పన్నే ఉచ్చులైతే మరీ అన్యాయం, వాటికి పండగన్న సాకు కూడా లేదు.

రైతు రాలిన కాయలు ఏరుతున్నాడు. "మా తాత రోజుల్లో తెల్లారేసరికి ఒక్క కాయా మిగిలేది కాదు బాబూ, జింకలే తినేసేవి. ఇప్పుడు బుట్ట నిండుతోంది. కొత్త మొక్కే ఎక్కడా కనబడట్లేదు."