లీవర్ రైఫిల్‌కు సైనిక వేషం

ట్రిగ్గర్‌ను కాపాడే ఉక్కు కడియాన్నే పొడిగించి మీటగా మలచి, ఆ మీటను కిందికి నెట్టి మళ్లీ పైకి లాగగానే కాలిన తూటా తొడుగు బయటికి ఎగిరిపడి దాని స్థానంలో కొత్త తూటా ఎక్కేలా అమర్చిన తుపాకీని లీవర్ యాక్షన్ రైఫిల్ అంటారు. పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో పుట్టిన ఈ ఆయుధం వాల్‌నట్ కర్రతోనూ నీలిఛాయ తేలే ఉక్కుతోనూ లోకానికి పరిచయమైంది. అయితే గత పదిహేనేళ్లుగా నల్లటి ప్లాస్టిక్ బట్, రంధ్రాల అల్యూమినియం చేతిపిడి, దుర్భిణి బిగించే పట్టాలు ధరించి మరో రూపంలోనూ అంగట్లోకి వస్తోంది. సైనికుల, పోలీసుల ఆయుధాల పోకడలను అనుసరించే ఈ తీరును అక్కడ టాక్టికల్ అని పిలుస్తారు. ఈ వేషం సంప్రదాయ రైఫిల్‌కు నప్పుతుందా అన్న వివాదంలో ఇరుపక్షాలూ సంప్రదాయం అనేదొకటి మొదటి నుంచీ స్థిరంగా ఉన్నట్టే వాదిస్తాయి కానీ, ఈ తుపాకీ చరిత్ర ఆ నమ్మకానికి అంతగా ఆసరా ఇవ్వదు.

కనెటికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో చొక్కాల తయారీతో ధనవంతుడైన ఆలివర్ వించెస్టర్ వద్ద పనిచేసిన బెంజమిన్ టైలర్ హెన్రీ 1860లో పేటెంట్ పొందిన రైఫిల్ ఈ జాతిలో తొలి విజయం. బారెల్ కింద దాని పొడవునా సాగే గొట్టంలో పదిహేను తూటాలు ఇముడుతుండగా, ఒక్కో గుండును మూతి నుంచి కూరుకోవలసిన తుపాకులతో అంతర్యుద్ధం చేస్తున్న సైనికులకు అది అద్భుతంగా తోచింది. కానీ గొట్టం అడుగున ఉన్న చీలికలోంచి మట్టి చేరేది, తూటాలను నెట్టే మీట ముందు చేతికి అడ్డు తగిలేది, పైగా పట్టుకునే చోట కర్ర తొడుగు లేనందున వేడెక్కిన లోహం చేతిని కాల్చేది. 1866 నాటి నమూనాలో గొట్టాన్ని పూర్తిగా మూసివేసి, నెల్సన్ కింగ్ రూపొందించిన ద్వారం గుండా పక్క నుంచే తూటాలు నింపే ఏర్పాటు చేసి, ముందు భాగానికి కర్ర తొడిగారు. అంటే ఇప్పుడు సంప్రదాయానికి గుర్తుగా చూపే ఆ కర్ర పిడి సైతం ఆనాడు ఒక లోపాన్ని దిద్దడానికి వచ్చిన కొత్త అమరికే.

సైనిక అలంకరణ కూడా ఈ తుపాకీకి కొత్త కాదు. ఒట్టోమన్ ప్రభుత్వం 1870 ప్రాంతంలో బాయినెట్ తగిలించడానికి వీలైన పొడవాటి 1866 నమూనాలను వేల సంఖ్యలో కొనుగోలు చేసింది. 1877లో ప్లెవ్నా ముట్టడిలో తుర్కు సైనికులు వాటితో కురిపించిన తూటాల వానకు రష్యన్ దళాలు భారీగా నష్టపోయాయి. ఆ రష్యాయే మొదటి ప్రపంచయుద్ధంలో తుపాకుల కొరతతో సతమతమై వించెస్టర్ 1895 నమూనాను దాదాపు మూడు లక్షల దాకా తెప్పించుకుని, తన సైన్యపు తూటాకు సరిపడేలా మార్పించి, తూటాల గుత్తిని పై నుంచి ఒక్కసారిగా నింపే మార్గాలను, బాయినెట్ కొక్కేన్ని చేర్పించింది. ఈ రైఫిల్ పుట్టుకతోనే పశువుల కాపరి ఆస్తి అన్న భావనను సడలించడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. అయితే అమెరికా సైన్యం మాత్రం దీనిని ప్రధాన ఆయుధంగా స్వీకరించలేదు. తొలి నమూనాల తూటా బలం తక్కువ, ధర ఎక్కువ. పైగా నేలపై బోర్లా పడుకుని కాల్చే సైనికుడికి మీటను కిందికి తిప్పడానికి చోటు చాలదు.

సైన్యం కాదన్నదానిని వేటగాడు ఆదరించాడు. జాన్ మోజెస్ బ్రౌనింగ్ రూపొందించగా వించెస్టర్ కంపెనీ 1894లో విడుదల చేసిన నమూనా, మరుసటి ఏడాది వచ్చిన పొగరాని మందు తూటాతో కలిసి, జింకల వేటకు ప్రామాణికంగా స్థిరపడి, కాలక్రమంలో 70 లక్షలకు పైగా తయారైంది. మూడు కిలోల ప్రాంతపు బరువు, పక్కలకు పొడుచుకు రాని సన్నని దేహం, జీను పక్కన తోలు ఒరలో ఇమిడే పొడవు, తూకం కుదిరే నడిమి భాగాన్ని పట్టుకుని ఒంటిచేత్తో మోయగల వీలు దాని ఆదరణకు మూలం. మిగిలిన కీర్తిని సినిమా సమకూర్చింది. 1939 నాటి ‘స్టేజ్‌కోచ్’, 1950 నాటి ‘వించెస్టర్ 73’ వంటి చిత్రాలు ఈ ఆకృతిని పశ్చిమ మైదానాలతో విడదీయరానంతగా ముడివేశాయి. 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ దాకా ప్రయాణించి తెలుగు ప్రేక్షకులను ఆకట్టుకున్న కౌబాయ్ లోకం కూడా ఆ చిత్రాల సంతానమే.

కొత్త అమరికలను ఈ యంత్రం ఎంతవరకు భరిస్తుందన్నది దాని లోపలి నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. వించెస్టర్ 1894 కాలిన తొడుగును పైకి విసురుతుంది కాబట్టి, దాని మీద దుర్భిణిని సరిగా నిలపడం, 1980ల తొలి ఏళ్లలో విసిరే దిశను పక్కకు మార్చేదాకా, కష్టంగానే ఉండేది. పోటీ కంపెనీ అయిన మార్లిన్ 1889 నుంచే పైభాగాన్ని మూసి తొడుగును పక్కకు పంపుతుండటంతో ఆ చిక్కు ఎదురుకాలేదు. తూటాలు వరుసగా నిలిచే గొట్టంలో వెనుక తూటా మొన ముందు తూటా అడుగున ఉన్న రంజకాన్ని తాకుతుంది కనుక మొనదేలిన తూటాలు ప్రమాదకరం. గుండ్రంగా తిరిగే తూటా అరతో సావేజ్ కంపెనీ 1899లోనే దీనికి పరిష్కారం చూపగా, మెత్తని పాలిమర్ మొన తూటాలు 2000ల మధ్యలో వచ్చాయి.

పికటిని ఆయుధాగారం పేరు మోసిన సైనిక పట్టా 1995లో ప్రమాణంగా స్థిరపడింది. క్రమంగా పౌర విపణిని ఏఆర్-15 అనే సైనిక తరహా సెమీ ఆటోమేటిక్ రైఫిల్ రూపం ఆక్రమించాక, 2010 దశకం మొదట్లో మాస్‌బర్గ్ కంపెనీ పొడవు మార్చుకోదగిన బట్‌ను, మూడు వైపుల పట్టాలను తగిలించిన లీవర్ రైఫిల్‌ను తెచ్చి మెప్పు కన్నా వెటకారాన్నే ఎక్కువగా మూటగట్టుకుంది. తరువాత మార్లిన్ నల్లరంగు శ్రేణి, 2020లో హెన్రీ కంపెనీ ఎక్స్ శ్రేణి మరింత పొందికతో వచ్చి కొనుగోలుదారులను సంపాదించుకున్నాయి. న్యూయార్క్ వంటి రాష్ట్రాలు 2013లో సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల మీద విధించిన ఆంక్షలు చేత్తో నడిపే లీవర్ యంత్రానికి వర్తించకపోవడమూ ఈ ఆసక్తికి ఒక కారణం.

ఈ అమరికలన్నిటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. బారెల్ కొసకు మరలు చెక్కి బిగించే సప్రెసర్, అంటే పేలుడు శబ్దాన్ని తగ్గించే గొట్టం, లీవర్ రైఫిల్‌కు చక్కగా అమరుతుంది. తూటా వాయువు మీద ఆధారపడని యంత్రం కాబట్టి నెమ్మదిగా సాగే బరువైన తూటాతోనూ నడుస్తుంది, వెనుక నుంచి వాయువు తప్పించుకోదు. వాన తేమకు ఉబ్బని పాలిమర్ బట్, పట్టాపై చిన్న ఎర్రచుక్క దుర్భిణి కూడా వేటలో అక్కరకు వచ్చేవే. కానీ చేతిపిడి చుట్టూ మందమైన పట్టాలు, వాటికి దీపాలు, నిలువు పిడులు చేరేకొద్దీ రైఫిల్ సన్నదనం, తూకం రెండూ చెడి, ఈ యంత్రాన్ని ఎంచుకోవడానికి ఉన్న ముఖ్య కారణమే కరిగిపోతుంది. అటువంటి కూర్పు పులివేషగాడి పంజాలా కంటికి భయపెట్టవచ్చునే తప్ప చేతికి ఉపకరించదు. 1870లలోనే వించెస్టర్ కంపెనీ చెక్కడపు పనులు, ఎనిమిది పలకల బారెళ్లు, ప్రత్యేక గురి సాధనాలను ఆర్డరు మీద అమర్చి ఇచ్చింది కాబట్టి, కొత్తగా తయారయ్యే రైఫిల్‌ను కొనేవాడు తన ఇష్టానికి తీర్చిదిద్దుకోవడంలో తప్పు పట్టడానికేమీ లేదు. తయారీ పద్ధతులు మారిన 1964కు ముందు నాటి వించెస్టర్‌కు పట్టా కోసం కొత్త రంధ్రాలు తొలిచేవారి విషయం వేరు. సేకర్తలు ఆ రైఫిల్‌కు కట్టే విలువ ఆ రంధ్రాలతో పడిపోతుంది, పట్టాను విప్పినా అవి పూడవు.