రాయబారం లేని యుద్ధం

అమెరికా ర్యాపర్ టుపాక్ షకూర్ ‘ఆల్ ఐజ్ ఆన్ మి’ ఆల్బమ్ 1996 ఫిబ్రవరి 13న విడుదలైంది. అదే ఏడాది సెప్టెంబరు 13న అతను చనిపోయాడు. సరిగ్గా ఏడు నెలలు. ఇవాళ ఆ పాటలు వినేవాళ్లెవరూ ఆ లెక్క మరిచిపోయి వినలేరు. గొంతు ఎంత హుషారుగా పలుకుతున్నా, ఆ మనిషికి మిగిలిన రోజులు మనకు తెలుసు, అతనికి తెలియదు. పాతికేళ్లవాడు. జైలు నుంచి వచ్చి నాలుగు నెలలకే తన జీవితంలోకెల్లా పెద్ద విజయం చూసినవాడు. మొదటి వారంలోనే 5,66,000 ప్రతులు అమ్ముడుపోయి, అమెరికా ఆల్బమ్‌ల పట్టికలో అది మొదటి స్థానంలో నిలబడింది. అంత పైకి వెళ్లినవాణ్ణి నిలుపుకోవడం చుట్టూ ఉన్న ఒక్కరి చేతా కాలేదు.

అతను జైలును తల్లి కడుపులోనే చూశాడు. అఫేనీ షకూర్ బ్లాక్ పాంథర్ ఉద్యమంలో పనిచేసింది. బాంబు కుట్ర కేసులో నిండు గర్భిణిగా న్యూయార్క్ జైల్లో ఉంటూ, వకీలును పెట్టుకోకుండా తన కేసు తనే వాదించుకుంది. 1971 మేలో నిర్దోషిగా బయటికొచ్చింది. జూన్ 16న కొడుకు పుట్టాడు. స్పెయిన్ పాలన మీద తిరగబడి ప్రాణాలిచ్చిన పెరూ వీరుడి పేరు వాడికి పెట్టుకుంది. ఆ పిల్లవాడు బాల్టిమోర్ కళల పాఠశాలలో నాటకం చదివాడు, కవిత్వం రాశాడు, బ్యాలే కూడా నేర్చుకుని ‘నట్‌క్రాకర్’లో ఎలుకల రాజు వేషం కట్టాడు. తరవాత లోకం చూసిన ఫోటోల్లో, పొట్ట మీద పచ్చబొట్టుతో, చూపులో ధిక్కారంతో నిలబడ్డ కుర్రాడి లోపల ఆ ఎలుకల రాజు ఎక్కడో ఉండే ఉంటాడని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

క్రిస్టొఫర్ వాలెస్ అతనికంటే పదకొండు నెలలు చిన్న. బ్రూక్లిన్ వాడు. అతన్నీ తల్లి ఒంటరిగానే పెంచింది. జమైకా నుంచి వచ్చి పసిపిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బతికిన వొలెట్టా వాలెస్ ఆమె. నోటోరియస్ బి.ఐ.జి., బిగ్గీ అని లోకం పిలిచిన ఆ భారీ మనిషికి 1993లో ఇంకా సొంత ఆల్బమ్ లేదు. టుపాక్‌కు అప్పటికే పేరుంది, సినిమాలున్నాయి. బిగ్గీ లాస్ ఏంజెలెస్ వస్తే అతని ఇంట్లోనే సోఫా మీద పడుకునేవాడు. ఒకసారి బృందమంతా వచ్చి కూర్చుంటే, టుపాక్ తనే వంటింట్లోకి వెళ్లి మాంసం వేపి, బంగాళాదుంప ముక్కలు వేయించి అందరికీ వడ్డించాడని ఆ పూట అక్కడున్నవాళ్లు తరవాత చెప్పారు. తన కచేరీల్లో బిగ్గీకి చోటిచ్చేవాడు. నా వ్యవహారాలు నువ్వే చూడు అని బిగ్గీ అడిగాడట. వద్దు, నీ రికార్డు కంపెనీ యజమాని షాన్ కోంబ్స్ దగ్గరే ఉండు, నిన్ను పెద్దవాణ్ణి చేస్తాడు అని టుపాక్ చెప్పాడట. ఆ ఒక్క మాటకు అటు ‘సరే’ అని ఉంటే ఇద్దరూ ఒకే గొడుగు కింద ఉండేవారు. కానీ అన్నీ తెలిసిన మనం ఇప్పుడు అనుకునే మాట అది.

1994 నవంబరు 30 రాత్రి. మన్‌హట్టన్‌లోని క్వాడ్ స్టూడియోకు ఒక పాటలో గొంతు కలపడానికి వెళ్లాడు టుపాక్. కింద లాబీలో దుండగులు అడ్డగించి, నగలు దోచుకుని, కాల్చారు. అయిదు తూటాల గాయాలు. రక్తం కారుతుండగానే లిఫ్ట్ ఎక్కి పైకి వెళ్లాడు. తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా బిగ్గీ ఉన్నాడు, కోంబ్స్ ఉన్నాడు, తెలిసిన ముఖాలెన్నో ఉన్నాయి. ఒక్కరూ తన కళ్లలోకి చూడలేదని తరవాత చెప్పాడు. రక్తంలో తడిసిన మనిషిని హఠాత్తుగా చూసినవాళ్లకు కాళ్లూ చేతులూ ఆడక ఉండవచ్చు. కానీ అతని మనసులో ఆ చూడని చూపు పడిపోయింది. వీళ్లకు ముందే తెలుసు అన్న అనుమానం ఆ లిఫ్ట్ గుమ్మంలో పుట్టింది. మిగతా కథంతా అందులోంచే పెరిగింది.

మర్నాడు కట్లతో, చక్రాల కుర్చీలో కోర్టుకు వచ్చాడు. లైంగిక దాడి కేసులో జ్యూరీ అతన్ని దోషి అంది. తాను తప్పు చేయలేదని చివరిదాకా అంటూనే ఉన్నాడు. కానీ ఆ కేసులో పంతొమ్మిదేళ్ల అమ్మాయి ఉంది, ఆమె బాధ ఉంది. అతని మీద ప్రేమతో ఆ పేజీని దాటేసి పోవడం నాకు చేతకాదు. ఏడాదిన్నర నుంచి నాలుగున్నరేళ్ల దాకా శిక్ష పడింది. చివరికి అతన్ని ఉంచింది కెనడా సరిహద్దుకు దగ్గరలోని డానెమోరా జైల్లో. అతను లోపల ఉండగానే 1995 మార్చిలో ‘మీ అగెయిన్స్ట్ ద వరల్డ్’ వచ్చి, పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. జైల్లో ఉన్నవాడి ఆల్బమ్‌కు ఆ స్థానం దక్కడం అదే మొదటిసారి.

ఆ వసంతంలోనే ‘వైబ్’ పత్రికలో అతని జైలు ఇంటర్వ్యూ వచ్చింది. అందులో రెండు మాటలున్నాయి. ఒకటి: ఆ రౌడీ బతుకు తన వరకు ముగిసిపోయింది, కావాలంటే ఇంకెవరైనా మోసుకోండి, నేను అలిసిపోయాను అన్నది. రెండోది: క్వాడ్ రాత్రి మీద అనుమానం. లోకం రెండో మాటనే పట్టుకుంది. అప్పుడే మార్కెట్లో ఉన్న బిగ్గీ పాట ‘హూ షాట్ యా’ తననే ఎగతాళి చేస్తోందని టుపాక్ నమ్మాడు. అది కాల్పులకు ముందే కట్టిన పాట అని బిగ్గీ మొత్తుకున్నాడు. ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, నువ్వేమన్నావు, నువ్వేం విన్నావు అని అడిగే పెద్దమనిషి కావలసిన రోజులవి. కురుక్షేత్రానికైనా ముందు ఒక రాయబారం నడిచింది. ఇక్కడ అదీ లేదు. పత్రికలకు ముఖచిత్రాలు దొరికాయి, కంపెనీలకు అమ్మకాలు పెరిగాయి. సంక్రాంతి బరిలో పుంజులు వాటంతటవి కత్తులు కట్టుకోవు.

డెత్ రో రికార్డ్స్ యజమాని షుగ్ నైట్ జైలుకు వచ్చాడు. అప్పీలు తేలేదాకా బయట ఉండాలంటే 14 లక్షల డాలర్ల బెయిలు కావాలి. అంత సొమ్ము టుపాక్ దగ్గర లేదు, బయట తల్లికి ఎలా గడుస్తుందోనన్న దిగులు మాత్రం ఉంది. చేతిరాతతో ఉన్న ఒప్పందం మీద సంతకం పెట్టాడు. మూడు ఆల్బమ్‌లు. 1995 అక్టోబరు 12న విడుదలై, విమానం దిగి, ఆ రాత్రే లాస్ ఏంజెలెస్‌లో స్టూడియోకు వెళ్లాడు. అంత తొందర దేనికో! రెండు వారాల్లో చాలా పాటలు అయిపోయాయి. రెండు డిస్కులు, 27 పాటలు. వాటిలో ఎక్కువగా వినబడేది పగ అనుకుంటారు చాలామంది. నా చెవికి వినబడేది ఊపిరి తీసుకుంటున్న మనిషి సంతోషం. ‘లైఫ్ గోస్ ఆన్’లో పోయిన స్నేహితులను తలుచుకుంటూ తన అంత్యక్రియలు ఎలా జరగాలో చెప్పుకున్నాడు. ఇంకో పాట వీడియోలో, తాను కాల్పుల్లో చనిపోయి స్వర్గానికి వెళ్లినట్టు తీయించుకున్నాడు.

మార్చిలో డెత్ రో స్థాపకుల్లో ఒకడైన డాక్టర్ డ్రే ఆ కంపెనీ వదిలి వెళ్లిపోయాడు. టుపాక్ అక్కడే ఉండిపోయాడు. జూన్‌లో ‘హిట్ ఎమ్ అప్’ వచ్చింది. ఒకనాడు తన సోఫా మీద పడుకున్నవాణ్ణి, అతని భార్యను, అతని చుట్టూ ఉన్నవాళ్లందరినీ అనరాని మాటలన్నాడు. ఆ పాటను నేను సమర్థించలేను. వింటే కోపం కంటే ముందు భయం కలుగుతుంది: ఇంత అన్నవాడు ఇక వెనక్కి ఎలా వస్తాడు?

అయినా రావడానికి ప్రయత్నించాడు. అందరికీ తెలియని సంగతి అదే. ఆ వేసవిలోనే బ్రూక్లిన్ నుంచి కొందరు ర్యాపర్లను పిలిపించి తన ఇంట్లో పెట్టుకుని, న్యూయార్క్ ఉన్న తూర్పు తీరమూ లాస్ ఏంజెలెస్ ఉన్న పడమటి తీరమూ ఒక్కటే అని చెప్పడానికి ‘వన్ నేషన్’ అనే ఆల్బమ్ మొదలుపెట్టాడు. ఆగస్టులో డెత్ రో వకీలును తన పనుల నుంచి తప్పించాడు. సెప్టెంబరు 4న న్యూయార్క్‌లో, తనతో గొడవలో ఉన్న అక్కడి ర్యాపర్ నాస్ ఎదురుపడితే, ఇద్దరూ మాట్లాడుకుని, లాస్ వెగాస్‌లో మళ్లీ కలుసుకుని గొడవ ముగిద్దామనుకున్నారని నాస్ తరవాత చెప్పాడు. మూడు రోజులు. నాస్‌తో కూర్చున్నవాడు రేపో మాపో బిగ్గీతో కూర్చోకపోయేవాడా?

సెప్టెంబరు 7న వెగాస్‌లో మైక్ టైసన్ పోటీ 109 సెకన్లలో ముగిసింది. బయటికి వస్తూ ఎంజీఎం గ్రాండ్ లాబీలో, డెత్ రో మనిషి గొలుసు లాక్కున్నాడన్న అనుమానంతో ఓర్లాండో ఆండర్సన్‌పై టుపాక్ మొదటి దెబ్బ వేశాడు. నిఘా కెమెరాలో ఆ దృశ్యం ఉంది: ఆగకుండా పరుగెత్తుకెళ్లే సన్నటి మనిషి, వెనక గుంపు. అతను బెయిలు మీద ఉన్నాడు. ఆ నిమిషంలో ఎవరైనా పట్టుకుని స్టేషన్‌లో కూర్చోబెట్టి ఉంటే! జైలు అతన్ని మళ్లీ మింగేది; ప్రాణం మిగిలేది. ఎవరూ ఆపలేదు. రాత్రి 11 దాటాక ఫ్లెమింగో రోడ్డు కూడలిలో, షుగ్ నైట్ నడుపుతున్న నల్ల బీఎండబ్ల్యూ సిగ్నల్ దగ్గర ఆగింది. తెల్ల కాడిలాక్ పక్కకు వచ్చింది. నాలుగు తూటాలు. తూటాలు ఆపే చొక్కా ఆ రాత్రి ఒంటిమీద లేదు.

ఆరు రోజులు కొట్టుమిట్టాడాడు. కుడి ఊపిరితిత్తి తీసేశారు. గుండె ఆగినప్పుడల్లా డాక్టర్లు తిరిగి కొట్టించారు. చివరికి, ఇక వాణ్ణి కష్టపెట్టవద్దని చెప్పింది అఫేనీయే.

ఆరు నెలలు తిరక్కుండా, 1997 మార్చి 9న, లాస్ ఏంజెలెస్‌లో ఒక విందు నుంచి వస్తూ బిగ్గీ అదే తీరున కారులో కాల్పులకు బలయ్యాడు. ఇరవై నాలుగేళ్లు. పదహారు రోజుల తరవాత అతని రెండో ఆల్బమ్ ‘లైఫ్ ఆఫ్టర్ డెత్’ విడుదలైంది.

2011లో, జీవితఖైదు అనుభవిస్తున్న ఒకతను క్వాడ్ దోపిడీ తానే చేశానని ఒప్పుకున్నాడు. డబ్బిచ్చి చేయించారంటూ అతను చెప్పిన పేరు బిగ్గీది కాదు. ఆ మాట పదహారేళ్ల ముందు ఎవరైనా విని ఉంటే అన్న ఊహ దగ్గర నా మనసు ఆగిపోతుంది.

1999లో ఎంటీవీ అవార్డుల వేదిక మీదికి అఫేనీ, వొలెట్టా పక్కపక్కన నడిచి వచ్చారు. కొడుకులు బతికుండగా ఎవరూ చేయలేని పని తల్లులు చేశారు. టుపాక్ హత్య కేసులో పోలీసులు ఒకణ్ణి అరెస్టు చేసింది 2023 సెప్టెంబరులో. తాను నిర్దోషినని అతనన్నాడు. అప్పటికి అఫేనీ పోయి ఏడేళ్లు దాటింది. బిగ్గీ హత్యకు ఎవరినీ అరెస్టు చేయకుండానే వొలెట్టా 2025 ఫిబ్రవరిలో కన్నుమూసింది. ‘వన్ నేషన్’ ఆ పేరుతో అధికారికంగా ఎన్నడూ విడుదల కాలేదు.