ముందున్న పేరు

నేను తెలుగు పండితుణ్ణి. భౌతికశాస్త్రంలో నాది పామర పరిచయమే. అయినా ఒక గురుశిష్యుల కథ ఆ శాస్త్రంలో తటస్థపడింది గనుక మిత్రులతో పంచుకొంటున్నాను.

జెరార్ మూరూ 1944లో ఫ్రాన్సులోని ఆల్బర్‌విల్‌లో జన్మించారు. 1980లలో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో పరిశోధన సాగించేవారు. ఆనాటి చిక్కు ఇది: సెకనులో లక్ష కోట్లవ వంతు కాలం మెరిసే లేజరు మెరుపును బలపరచబోతే, ఆ తీవ్రతకు బలపరచే గాజే దెబ్బతినేది. వరమిచ్చినవాని నెత్తినే చేయి పెట్టబోయిన భస్మాసురుని తీరన్నమాట!

ఆయన వద్ద పరిశోధన చేస్తున్న కెనడా విద్యార్థిని డొనా స్ట్రిక్‌లాండ్. గురుశిష్యులు ఆ మెరుపును ముందుగా 1.4 కిలోమీటర్ల గాజుతంతువు గుండా పంపారు. అందులో ఎరుపు వైపు రంగులు ముందుగాను, నీలం వైపు రంగులు వెనుకగాను నడిచి మెరుపు సాగింది, తీవ్రత తగ్గింది. అప్పుడు నిరపాయంగా బలం పెంచారు. పిదప సన్నని గీతలు చెక్కిన పలకల జంటతో, వెనుకబడ్డ రంగులను ముందువాటితో కలిపి మెరుపును తిరిగి కుదించారు. సాగదీయుట, పెంచుట, కుదించుట: ఇంతే కిటుకు. రాడారులో ఇటువంటి ఉపాయం అదివరకే ఉన్నది. కాంతి మెరుపులను బలపరచడానికి దానిని పొందించినవారు వీరు.

ఈ సంగతి 1985లో మూడు పుటల వ్యాసంగా వెలువడింది. అది స్ట్రిక్‌లాండ్‌కు తొలి శాస్త్రవ్యాసం. దానిపై శిష్యురాలి పేరు ముందు, గురువు పేరు తరువాత!

ఆ పద్ధతి కంటి శస్త్రచికిత్సకు పనికివచ్చింది. 2019లో రుమేనియాలోని మగురేలెలో 10 పెటావాట్ల లేజరుకు మూలమైనదీ అదే. 2018 నోబెల్ బహుమతిలో సగం ఆర్థర్ ఆష్కిన్‌కు దక్కగా, తక్కిన సగాన్ని వీరిద్దరూ సమంగా పంచుకొన్నారు. భౌతికశాస్త్రంలో ఆ బహుమతి ఒక స్త్రీకి దక్కడం 1963 తరువాత అదే తొలిసారి.

ఇక నా మాట. ఒకప్పుడు నా శిష్యుడొకడు ఒక పద్యంలోని అన్వయక్లేశాన్ని చక్కగా విడదీశాడు. తరువాత ఒక సభలో దానిని నాదిగా చెప్పి చప్పట్లు అందుకొన్నాను. వెనుక వరుసలో వాడు కూర్చునే ఉన్నాడు. నోరు మెదపలేదు.

గురువు శిష్యుని చేతిలో ఓటమిని కోరుకోవాలని తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో! ఆ వ్యాసం మీది పేర్ల వరుస గురించి తెలిసినప్పటినుంచి వాని ముఖమే కళ్ళముందు మెదలుతున్నది. ఆ అన్వయం నాది కాదు. ఆలస్యంగానైనా ఇక్కడ ఒప్పుకొంటున్నాను.