ఒంటియెద్దు సేద్యము

శింగనమలకు పొరుగుననున్న అనంతపురమందు, ఆర్.డి.టి. మైదానమున 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్టు పోటీలు జరిగినవి. ఆ యాట చూచినవారికి ఒక సంగతి తెలిసియే యుండును. ఆట మొదట కొత్తబంతి నిత్తురు. అది గట్టిది, నునుపు చెడనిది, నడుమ కుట్టు ఉబికియుండును. వేగముగా విసరినచో గాలిలో వంగును. నేల తాకి ప్రక్కకు తొలగును. కొంతసేపటికి ఆ గుణము తగ్గిపోవును. మన సేద్యమున పదను వంటిదే యిది. పదనుండగనే విత్తనము పడవలెను. కొత్తదనముండగనే వికెట్లు పడవలెను. రెండు కొనలనుండి మార్చి మార్చి విసరవలెను గనుక ఇద్దఱు సమర్థులు కావలెను. ఒక్కడే యున్నచో కాడికి ఒంటియెద్దును గట్టినట్లే.

మన దేశపు జట్టు 1932లో తొలి టెస్టు ఆడినపుడు ఈ జోడెడ్లు మనకు కలవు. లండను నగరమున లార్డ్సు మైదానము. జూను 25వ తేది. నాయకుడు నాగపురమున బుట్టిన తెలుగువాడు, సి.కె. నాయుడు. మహమ్మద్ నిస్సార్, అమర్ సింగ్ అను నిరువురు కొత్తబంతి పట్టిరి. ఇంగ్లండువారికి 19 పరుగులకే మూడు వికెట్లు పోయినవి. చివరకు 158 పరుగులతో మన మోడితిమి. ఐనను ఆ యుదయపు మాట లోకము మఱవలేదు.

నాలుగేండ్లు గడచెను. 1936లో మఱల ఆంగ్లదేశయాత్ర. ఈసారి నాయకుడును తెలుగువాడే. విజయనగర రాజకుమారుడు, విజ్జీ యని ప్రసిద్ధుడు. క్రికెట్టునకై ధనము వెచ్చించుటలో ఆయనకు సాటి తక్కువ. 1930–31లో హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి మేటి ఆటగాండ్రను మన దేశమునకు రప్పించినవాడు. కాని ధన మిచ్చుట వేఱు, జట్టును నడపుట వేఱు. ఆ యాత్రలో మూడు టెస్టులందును కలిసి ఆయన చేసిన పరుగులు 33.

మేనెలలో ఆటలు మొదలైనవి. కౌంటీ జట్లతో వారమువారము పోటీలు. అమర్ సింగ్ లాంకషైర్ లీగులో కోల్న్ అను ఊరి జట్టునకు జీతమునకు కుదిరియుండెను. అతడు టెస్టులకు వచ్చుటయే గాని యాత్ర పొడవునను లేడు. జహంగీర్ ఖాన్ కేంబ్రిడ్జిలో విద్యార్థి. అక్కడి జట్టునకు ఆడుచుండెను. (ఆ జూలైలో లార్డ్సునందే అతడు విసరిన బంతి తగిలి ఒక పిచ్చుక చచ్చెను. దానిని నేటికిని అచ్చటి ప్రదర్శనశాలలో భద్రపఱచియున్నారు. ఆటగాని పేరుకంటె పిచ్చుకకే ఎక్కువ ఖ్యాతి!) నిస్సార్‌మీద బరువంతయు పడినది. ఇంతవఱకు నాయకుని తప్పని చెప్పజాలము. జీతముగలవాడు జీతము విడువడు. చదువువాడు చదువు విడువడు.

తరువాతిదే ఆయన చేతులార చేసికొన్నది. జట్టులో లాలా అమరనాథ్ కలడు; బ్యాటుతోను బంతితోను పనికివచ్చువాడు. జూనులో లార్డ్సున మైనర్ కౌంటీల జట్టుతో ఆట. అమరనాథ్ కాళ్లకు ప్యాడ్లు కట్టుకొని కూర్చుండగా, అతనికి ముందు ఒకని తరువాత ఒకనిని పంపుచుండిరి. దినము ముగియవచ్చుచుండగా అతనికి వంతు వచ్చినది. తిరిగివచ్చి సామాను విసరివేసి పరుషముగా మాటాడెను. మాట తప్పే. దానికి శిక్షగా తొలి టెస్టునకు ముందే అతనిని ఓడ యెక్కించి యింటికి పంపిరి. ఉన్న యెడ్లలో ఒకదానిని విత్తనాల వేళ సంతకు తోలినట్లయ్యెను.

జూను 27న తొలి టెస్టు. అమర్ సింగ్ వచ్చి నిస్సార్‌తో జతగూడెను. మొదటి యిన్నింగ్సులో ఇంగ్లండు 134 పరుగులకే కూలినది. అమర్ సింగ్ 35 పరుగు లిచ్చి 6 వికెట్లు తీసెను. అంతకు ముందే మనవారు 147 చేసియుండిరి గనుక ఆధిక్యము మనదే. జోడు కుదిరినచో ఎట్లుండునో కనుడు! కాని రెండవ యిన్నింగ్సున మన బ్యాటు 93కే చాలించినది, ఓడితిమి. అమరనాథ్ ఆ దినమున సముద్రముమీద నుండెను. మాంచెస్టరున ఇంగ్లండువారు 571, ఓవలున 471 పరుగులు చేసిరి. మొదటిది డ్రా యైనది, రెండవది పోయినది.

బొంబాయి ప్రధాన న్యాయమూర్తి బోమంట్ అధ్యక్షతన విచారణ జరిగి 1937లో నివేదిక వెలువడెను. అమరనాథ్ నిర్దోషి యనియు, నాయకునికి బంతి నెవరికి ఎప్పు డీయవలెనో, ఆటగాండ్ర నెచ్చట నిలుపవలెనో తెలియదనియు అందు తేలినది. తెలుగువాడని మనము ఈ మాట దాచుకొన బనిలేదు. తెలుగువాడైన నాయుడుగారు అదే జట్టులో సామాన్యాటగానివలె నుండి, ఓవలున బంతిదెబ్బ తిని కూడ 81 పరుగులు చేసెను.

అమర్ సింగ్ 1940లో, ముప్పదియేండ్లు నిండకమునుపే మరణించెను. 1946లో మన జట్టు మఱల ఆంగ్లదేశమునకు బోయినప్పుడు నిస్సారును లేడు. కొత్తబంతి పట్టినవారిలో అమరనాథ్ ఒకడు. లార్డ్సు టెస్టున 118 పరుగు లిచ్చి 5 వికెట్లు, మాంచెస్టరున 96 పరుగు లిచ్చి 5 వికెట్లు తీసెను. పదియేండ్లక్రిందట అతనికి ఓడ టిక్కెట్టు చేతికిచ్చుటకు కారణమైన ఆట జరిగినది ఆ లార్డ్సు మైదానమందే.