పొద్దు గుంకితే ఆగిపోయే గొంతు

హైదరాబాద్ 738, విజయవాడ 837 కిలోహెర్ట్జ్‌లు తిప్పి మీడియం వేవ్ విన్నవాళ్లకు ఇది తెలిసిన సంగతే. రాత్రి పడ్డాక ముల్లు కదిపితే, పగలు గుర్రుమనడం తప్ప ఏమీ లేని చోట ఎక్కడెక్కడి భాషలో పలుకుతాయి. స్టేషన్లు అవే. మారింది ఆకాశం.

ఎండ కాసేంతసేపూ నేలకు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున ‘డి’ అనే పొర ఉండి, పైకెళ్లిన మీడియం వేవ్ తరంగాలను మింగేస్తుంది. చీకటి పడగానే అది దాదాపు కరిగిపోతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైనున్న పొరలను తాకి, వందల కిలోమీటర్ల అవతల నేలకు దిగుతాయి. అలాంటి పొర ఒకటి ఉందని 1902లో కెనెలీ, హెవిసైడ్ అనే శాస్త్రవేత్తలు ఎవరికి వారే ఊహించారు. 1924లో యాపిల్‌టన్ అనే మరో శాస్త్రవేత్త ప్రయోగం చేసి చూపించారు.

ఇలా దూరపు స్టేషన్లు వచ్చి దగ్గరి వాటి మీద పడే రాత్రి బాధను అమెరికా గట్టిగా అనుభవించింది. 1926లో జెనిత్ అనే రేడియో కంపెనీ మీద నడిచిన కేసు తీర్పుతో స్టేషన్లను అదుపు చేసే అధికారం ప్రభుత్వం చేజారింది. ఎవరికి తోచిన చోట వారు ప్రసారం మొదలుపెట్టారు. రెండు స్టేషన్లు కాస్త తేడాతో పక్కపక్కన చేరితే రేడియోలో ఈల మోగుతుంది. రాత్రుళ్లు ఆ ఈలే వినోదాన్ని మింగింది. 1927లో చట్టం వచ్చింది. 1928 నవంబరు 11న పౌనఃపున్యాలను కొత్తగా పంచారు. 40 చానళ్లలో ఒక్కోదాని మీద రాత్రి ఒక్క పెద్ద స్టేషనే ఉండాలన్నారు. చిన్న ఊళ్ల స్టేషన్లకు ఆరు చానళ్లు మిగిలాయి.

పెద్దవాళ్ల మధ్యా గొడవ తప్పలేదు. 1934 మే 2న వైట్‌హౌస్‌లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మీట నొక్కగానే, సిన్సినాటి డబ్ల్యూఎల్‌డబ్ల్యూ స్టేషన్ 700 కిలోహెర్ట్జ్‌ల మీద ఏకంగా 500 కిలోవాట్లతో పలికింది. మిగతా పెద్ద స్టేషన్లకు హద్దు 50. ట్రాన్స్‌మిటర్ ఉన్న మేసన్ ఊరి చుట్టుపక్కల కంచె తీగలు కూడా మాట్లాడుతున్నాయని జనం చెప్పుకునేవారు. రాత్రయితే 690 మీదున్న టొరంటో స్టేషన్ సీఎఫ్ఆర్‌బీ శ్రోతలకు ఇబ్బంది మొదలైంది. కెనడా ఫిర్యాదు చేసింది. చివరికి మేసన్‌లో మరో రెండు టవర్లు నిలబెట్టి, రాత్రివేళ టొరంటో వైపు పోయే శక్తిని తగ్గించారు. 1939లో ఆ స్టేషన్ మళ్లీ 50 కిలోవాట్లకు వచ్చింది.

అలా టవర్లు కట్టగల స్థోమత పెద్ద స్టేషన్‌ది. ఊరి స్టేషన్‌కు అది ఎక్కడిది? 1941 మార్చి 29న ఆ ఆరు చానళ్లూ 1230, 1240, 1340, 1400, 1450, 1490లకు మారాయి. ఒక్కో చానల్ మీద వందకు పైగా స్టేషన్లు. ఇవాళ్టికీ వాటికి గరిష్ఠంగా 1000 వాట్లే. రాత్రయితే అన్నీ ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగమవుతాయి. అక్కడి ఇంజనీర్లు వాటిని శ్మశాన చానళ్లంటారు. ఆ పేరు వింటే నాకు బాధే కలుగుతుంది. ఊళ్లో జరిగే ఆట, ఎన్నికల లెక్కింపు, తుపాను హెచ్చరిక జనానికి ఎక్కువగా కావలసింది రాత్రిపూటే కదా. ఆ వేళకే వాటి గొంతు ఊరి పొలిమేర దగ్గర ఆగిపోతుంది.

పగలు మాత్రమే ప్రసారం చేయాల్సిన స్టేషన్ల సంగతి ఇంకా కఠినం. దశాబ్దాల పాటు వాటి లైసెన్సులోనే నెలవారీగా సూర్యాస్తమయం వేళ రాసి ఉండేది. డిసెంబరులో ఉత్తరాది రాష్ట్రాల్లో చాలా చోట్ల సాయంత్రం ఐదు లోపే ట్రాన్స్‌మిటర్ ఆపేసేవారు.