ఆంస్టర్డాము నగరమున గోలకొండ జాడలు

హైదరాబాదునకు దక్షిణమున, బెంగుళూరు మార్గమునందున్న శంషాబాదు పూర్వము పైగా ప్రభువుల జాగీరులలోని యొక గ్రామము. 2008 మార్చిలో అచట అంతర్జాతీయ విమానాశ్రయము ప్రారంభమైన పిమ్మట అది దక్షిణాపథమునకు ముఖద్వారములలో నొకటి యైనది. 2025 సెప్టెంబరున డచ్చిదేశపు కె. ఎల్. ఎం. సంస్థవారి విమానము ఆంస్టర్డామునుండి నేరుగా అచటికి వచ్చి దిగినది. నేడు శంషాబాదున విమానమెక్కిన తెలుగువాడు ఇంచుమించు పది గంటలలో ఆ కాలువల నగరమును చేరగలడు. అచట ఎక్కడ బసచేయవలెను, ఏమేమి చూడవలెను అని అతడు విచారించుట సహజమే. కాని ఈ బాట క్రొత్తది కాదు. ఇంచుమించు నన్నూరేండ్లకు పూర్వము ఆ నగరపు వర్తకులే గోలకొండను గూర్చి ఈ ప్రశ్నలు వేసికొనిరి. ఆనాటి వారి బసలను ఎరుగనివానికి నేటి మన బస యొక్క అర్థము పూర్తిగా తెలియదు.

డచ్చివారి ఈస్టిండియా కంపెనీ 1602లో ఏర్పడెను. 1605లో వారి ఓడ మచిలీపట్టణమునకు వచ్చెను. 1606లో మహమ్మదు కులీ కుతుబ్షాహ్ వారికి వర్తకము చేసికొన ఫర్మానా నొసగెను. నిజాంపట్టణము, పాలకొల్లు, ద్రాక్షారామము మొదలగు తావులందు వారి వర్తకశాలలు వెలసెను. వారు కోరినది ముఖ్యముగా మన సాలెవారి వస్త్రము. ఐరోపాయందలి సరకులకు తూర్పు దీవులలో గిరాకి లేదు. తెలుగుతీరపు అద్దకపు బట్టలకు మిక్కిలి గిరాకి కలదు. కావున బంగారమును వెండిని ఇచ్చి ఇచట బట్టలు కొని, వానిని దీవులలో నిచ్చి జాజికాయ, లవంగము మున్నగు సుగంధద్రవ్యములను గైకొని, ఆ ద్రవ్యములను ఆంస్టర్డామున అమ్ముచుండిరి. మచిలీపట్టణమున వలందపాలెమను పేరు ఆ వలందావారి నివాసమునకు నేటికిని సాక్ష్యముగా నిలిచియున్నది.

రేవునుండి రాజధానికి పోవు బాటసారి ఎక్కడ దిగెడివాడు? ఖమ్మముజిల్లాలోని నాగులవంచయందు డచ్చివారికి 1669 ప్రాంతమున ఒక వర్తకశాల ఏర్పడెను. హైదరాబాదు పొలిమేరలో హయాత్‌నగరమున హయాత్‌బక్షీ బేగము పేర వెలసిన మసీదును, దానిని చుట్టియున్న సరాయి గదుల వరుసలును, హాథీబావలి యను పెద్ద నూయియు నేటికిని కానవచ్చును. మందిరమును, విడిదిని, నీటిని ఒక్కచో కూర్చుట ఆనాటి ధర్మపద్ధతి. నగరమున 1578లో కట్టిన పురానాపూలు సమీపమున మియాఁమిష్క్ మసీదు చుట్టును అట్టి గదులే కలవు. నగరపు శివారులోని మసీదులు కొన్ని పరదేశులకు సరాయిలుగా ఉపయోగపడుచుండెనని ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే వ్రాసియున్నాడు.

సరాయి యనగా నేటి హోటలు కాదు. నాలుగువైపుల గదులు, నడుమ పశువులకును బండ్లకును ఆవరణము, ఒక్క సింహద్వారము, రాత్రి దానికి తలుపు. పరుపును వంటపాత్రలును బాటసారివే. అచట లభించునది నీడయు, రక్షణయు, అన్నిటికిని మించి వార్తయు. ఏ సరకు ధర పెరిగినది, ఏ గని మూతపడినది, ఏ అమీరు కోపగించినాడు అను సంగతులు ఆ ఆవరణముననే తెలియుచుండెను. చిరకాలము నిలువదలచిన కంపెనీవారు మాత్రము హైదరాబాదున సొంత నివాసమునే ఏర్పరచుకొనిరి. ఈ తీరమున కంపెనీ కొలువుచేసిన డేనియల్ హావర్టు పారసీకమును నేర్చి సాదీకవి బూస్తానును డచ్చిభాషలోనికి మార్చెను. కోరమాండలు తీరమున కంపెనీ వృద్ధిక్షయములను గూర్చిన అతని గ్రంథము 1693లో ఆంస్టర్డామున అచ్చుపడెను. బసచేసినవాడు భాష నేర్చినచో చరిత్ర మిగులునని దీనివలన తెలియుచున్నది.

ఇక ఆ నగరమున మన బాటసారి ఎక్కడ దిగవలెను? ఆంస్టర్డామునకు అందమును, ఖ్యాతిని తెచ్చిన మూడు పెద్దకాలువల నిర్మాణము 1613లో ఆరంభమయ్యెను. వాని పేళ్లకు ప్రభువుల కాలువ, చక్రవర్తి కాలువ, రాకుమారుని కాలువ యని యర్థము. ఈ కాలువల వలయమును 2010లో యునెస్కో ప్రపంచవారసత్వముగా గుర్తించినది. గోదావరి మండలమున కాలువలు ముఖ్యముగా నీరు పారించుటకు త్రవ్వబడినవి. ఇవి పల్లపునేలనుండి నీటిని తొలగించుటకును, సరకు పడవలను వర్తకుని వాకిటికే తెచ్చుటకును త్రవ్వబడినవి. ఈ కాలువల గట్టున ఏ ఇంట దిగినను నన్నూరేండ్ల వర్తకచరిత్ర నడుమ దిగినట్లే. ప్రత్యేకముగా ప్రిన్సెన్‌హోఫు అను భవనము గమనింపదగినది. అది మొదట సన్న్యాసినుల మఠము, పదునారవ శతాబ్ది చివర రాజాతిథులకు విడిదియైనది, పిదప నౌకాధికారుల కార్యాలయము, 1808 మొదలు 1988 వరకు నగరసభామందిరము, ఇపుడు హోటలు. మన సరాయిలో బస ధర్మము. అచటి బస అతిథి హోదాననుసరించిన మర్యాద. ఈ భేదమును ఆ భవనము చక్కగా చూపును.

చూడదగిన వానిలో మొదటిది ఈస్టిండియా భవనము. 1606లో నిర్మింపబడిన ఆ భవనము నేడు విశ్వవిద్యాలయమువారి అధీనమున నున్నది. కంపెనీని నడిపిన పదునేడుగురు నిర్వాహకులు ప్రతి ఎనిమిదేండ్లలో ఆరేండ్లు ఆంస్టర్డాముననే కూడుచుండిరి. మచిలీపట్టణమున ఎన్ని తానుల బట్ట కొనవలెనను ఆజ్ఞలు ఆ సభనుండియే వెలువడినవి. పాలకొల్లులో సాలెవాని మగ్గమునకును ఆ గదికిని నడుమ ఎనిమిది మాసముల ఓడప్రయాణము; అయినను మగ్గపుపని ఆ గది మాటపై ఆధారపడియుండెను.

రెండవది రైక్స్ మ్యూజియమునందలి విట్సెన్ చిత్రసంపుటి. 1686 ప్రాంతమున గోలకొండ చిత్రకారులు వ్రాసిన 49 రూపచిత్రములు అందు కలవు. మొగలు పాదుషాలును, దక్కను సుల్తానులును అందు కనబడుదురు. ఆంస్టర్డాము నగరాధ్యక్షుడును, కంపెనీ నిర్వాహకులలో నొకడునైన నికొలాస్ విట్సెను దానికి స్వామి. 1687 సెప్టెంబరున గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. కూలిపోవుటకు ఒక్కయేడు ముందు ఆ రాజ్యపు చిత్రకారులు దించిన ముఖములు నేటికిని ఆ కాలువల ఒడ్డున భద్రముగా నున్నవి.

మూడవది కంటికి కనబడనిది. దానిని బాటసారి మనసున చూడవలెను. ఆ గట్టులపై మేడలు కట్టిన ధనమంతయు వస్త్రముల వలననే రాలేదు. కరవు కాలములందు కోరమాండలు తీరమున తిండికి లేక తమ్మును, తమ బిడ్డలను అమ్ముకొన్నవారిని కంపెనీవారు కొని, బానిసలుగా బటేవియా మున్నగు తావులకు ఓడలపై పంపిరి. వారిలో తెలుగువారును కలరు. 1686లో కుతుబ్షాహీ ప్రభుత్వము తమకు బాకీపడినదని మచిలీపట్టణమును బలముతో ఆక్రమించినవారును ఈ అతిథులే. 2021 జూలై 1వ తేదీన ఆంస్టర్డాము నగరాధ్యక్షురాలు బానిసవర్తకమున తమ నగరము వహించిన పాత్రకు బహిరంగముగా క్షమార్పణ చెప్పుట న్యాయమే. కాని అమ్ముడుపోయిన మనవారి స్మృతిని నిలుపవలసిన భారము మనపైనను కలదు.

అందులకు సాధనము దూరమున లేదు. ఆంస్టర్డామునుండి రైలుమీద గంటకించుక తక్కువకాలమున చేరదగిన హేగు నగరమున, జాతీయ పత్రభాండాగారమందు, డచ్చికంపెనీ లేఖలు కలవు. కంపెనీ పత్రములను యునెస్కో 2003లో ప్రపంచస్మృతి పట్టికయందు చేర్చినది. సాలెవారి కూలి, ధాన్యపు ధరలు, కరవులు, ఓడలు, దర్బారు వార్తలు వానియందు దినదినము వ్రాయబడినవి. గోలకొండ దఫ్తరము చాలభాగము నశించినది. అతిథి వ్రాసికొన్న లెక్క మిగిలినది. ఆ పత్రములలో చాలభాగము ఛాయాచిత్రములుగా ఇంటనే చదువుకొన వీలుగలిగినది. ఇక కావలసినది డచ్చిభాషాజ్ఞానము. హావర్టు మన రాజసభాభాషను నేర్చి మనలను గూర్చి వ్రాసెను. ఆతని భాషను నేర్చి మనలను గూర్చి మనము తెలిసికొనుట తెలుగు పరిశోధకులు తీర్చవలసిన ఋణము.

కావున శంషాబాదునుండి పయనమగువాడు ముందుగా హయాత్‌నగరపు సరాయి గదులను ఒకమారు చూచి పోవుట మేలు. అచట గుమ్మము కడ నిలిచి వచ్చినవాని కండ్లకు ఆంస్టర్డాము కాలువలు పరాయివి కావు. మన బట్టయు, మన చిత్రమును, మన దుఃఖమును ఆ నీటివెంట పోయినవే యని అతడు గుర్తించును.