మార్షల్ దీవులలో అణుధూళి మోతాదుల గణన

వైట్‌ఫీల్డ్‌కు వాయవ్యమున, తెలుగు కన్నడములు రెండును వినవచ్చు గౌరీబిదనూరు ప్రాంతమున, 1965లో భారత అణుశక్తి శాఖవారు బ్రిటిషువారి సహకారముతో భూకంపమాపక యంత్రముల వరుస నొకదానిని నెలకొల్పిరి. దూరదేశములందు భూగర్భమున జరుగు అణువిస్ఫోటనములను పసిగట్టుట దాని పని. బాంబు ఎచట ప్రేలినది, ఎంత బలముతో ప్రేలినది యను సంగతులను యంత్రము చెప్పగలదు. ప్రేలిన పిదప ఆ ధూళి ఏ మనుష్యుని దేహమున ఎంత చేరినదను ప్రశ్నకు మాత్రము యంత్ర మొక్కటియే బదులు చెప్పజాలదు. పసిఫిక్ మహాసముద్రమందలి మార్షల్ దీవుల చరిత్ర దీనికి నిదర్శనము.

1946 మొదలు 1958 వరకు అమెరికా ప్రభుత్వము ఆ దీవులలో 67 అణ్వస్త్ర పరీక్షలు జరిపెను. వానిలో 1954 మార్చి 1వ తేదీన బికినీలో ప్రేల్చిన ఉదజని బాంబు 15 మెగాటన్నుల బలము కలది. నిర్మాతలు ఊహించినదానికంటె అది ఎంతయో ఎక్కువ. సుమారు 100 మైళ్ల దూరముననున్న రాంగెలాప్ దీవిపై కొన్ని గంటలలోనే తెల్లని పొడి కురిసెను. అచట నున్న 64 మందిని రెండు దినముల తరువాతగాని తరలింపలేదు. వారి శరీరములకు వెలుపలినుండి తగిలిన మోతాదు 175 రాడ్లని నిర్ణయించిరి. ఇది కొలిచిన అంకె కాదు. జనము లేచిపోయిన పిదప దీవిపై తీసిన కొలతలనుండి వెనుకకు లెక్కించినది. ఆ యేప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో ఇట్టి పరీక్షలను నిలుపవలెనని కోరెను. మరుసటి యేడు ఐక్యరాజ్యసమితి వికిరణ ప్రభావముల పరిశీలనకు 15 దేశముల సంఘము నేర్పరచినపుడు అందు భారతదేశమును చేరెను.

థైరాయిడ్ గ్రంథి లెక్క మరింత చిక్కైనది. బాధితుల మూత్రమును సేకరించునప్పటికే రెండు వారములు గడచెను. అయొడిన్-131 అర్ధాయువు 8 దినములు. అంతకంటె అల్పాయువులైన అయొడిన్ రూపములు అప్పటికి దాదాపు మాయమైనవి. 1963 మొదలు నాటి పిల్లలలో థైరాయిడ్ గడ్డలు కనిపింపసాగిన తరువాత ఈ లెక్కను తిరుగదోడవలసి వచ్చెను. 1985లో వెలువడిన పునర్గణనకు మిగిలిన మూత్రపు కొలతతోపాటు మరియొకటి కావలసివచ్చెను: ఆ దినమున ఆరుబయట వంట ఎప్పుడు సాగినది, ధూళి పడిన అన్నమును వారెప్పుడు తినిరి?

దీర్ఘకాలపు మోతాదుకు మూలము సీసియం-137. దాని అర్ధాయువు 30 సంవత్సరములు. వైట్‌ఫీల్డ్ చుట్టుపట్లనున్న ఎర్రనేలలో కొంతయైన బంకమన్ను కలదు. బంకమన్ను సీసియమును పట్టి యుంచును. పగడపు దీవుల సున్నపు నేలలో బంకమన్నును లేదు, పొటాసియమును మిక్కిలి తక్కువ. కావున చెట్టు పొటాసియమునకు మారుగా సీసియమును పీల్చుకొని కొబ్బరికాయలోనికి పంపును.

బికినీవాసులు 167 మందిని 1946లోనే దీవినుండి తరలించియుండిరి. వారు మరలిపోవచ్చునని 1968లో అధ్యక్షుడు జాన్సన్ ప్రకటించెను. కొందరు వెళ్లి కాపురముండిరి. క్రొత్తగా నాటిన కొబ్బరిచెట్లు కాపునకు రాగానే వారి దేహములలో సీసియము పెరుగసాగెను. స్థానికమైన కొబ్బరి వాడుక గణకుల యంచనాను మించెను. రాయలసీమ కుటుంబము ఎంత సంకటి తినునో బియ్యపుకొట్టు చిట్టాలనుబట్టి తేల్చజూచిన యెట్లుండునో ఇదియు నట్లే యుండెను. అది వంటయింటిలో అడిగి తెలిసికొనవలసిన సంగతి. 1978లో సుమారు 140 మందిని మరల దీవినుండి తరలించిరి. 1957లో స్వస్థలమునకు చేరిన రాంగెలాప్‌వారు అధికారుల మాటను నమ్మజాలక, 1985లో తామే దీవిని విడిచిరి.

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1998లో ప్రకటించిన నివేదికలో ఈ సంగతి అంకెలలో కనబడును. బికినీలో పండిన ఆహారమునే తినువానికి సాలుకు 15 మిల్లీసీవర్టులు. దిగుమతి తిండిని కలుపుకొని తినువానికి సుమారు 4. నేల యొక్కటే, సీసియ మొక్కటే; మారినది కంచము. లోకమున ప్రకృతిసిద్ధముగా ప్రతి మనుష్యునికి సగటున తగులునది 2.4.

కాన్సరు లెక్కలును ఇట్లే మారినవి. అమెరికా జాతీయ కాన్సరు సంస్థవారు అణుధూళివలన అధికముగా రాగల కాన్సరులు సుమారు 500 అని 2004లో అంచనా వేసిరి. మరింత సమాచారముతో 2010లో అది 170కి దిగెను. రెండును నిజాయితీతో చేసిన లెక్కలే కావచ్చును. అయినను, ఒకసారి నమ్మి యిల్లు కట్టుకొని, మరల మూట కట్టుకొన్నవారు క్రొత్త అంకెను సందేహించిన, వారిని అజ్ఞానులనుట న్యాయము కాదు.

నేలకు పొటాసియపు ఎరువు వేసినచో కొబ్బరిలో సీసియము మిక్కిలి తగ్గునని ప్రయోగములు చూపినవి. 1998 నాటి నివేదికయు ఆ మార్గమునే సూచించెను. బికినీ ప్రజ స్థిరనివాసమునకై ఆ దీవికి నేటికిని మరలిపోలేదు.